పొట్లం మీది పేరు, గిన్నెలోని చాయ్

లీడ్స్‌లోనో లెస్టర్‌లోనో చదువుకుంటున్న నిజామాబాద్ కుర్రాడు సూపర్‌మార్కెట్‌లో టెట్లీ డబ్బా కనిపిస్తే, అది ఇంగ్లీషోళ్ల టీ అని పక్కన పెట్టేస్తాడు. బస్సెక్కి ఇండియన్ స్టోర్‌కి పోయి, నాలుగు పైసలు ఎక్కువైనా సరే అని, మన చాయ్‌పత్తి అనుకుంటూ రెడ్ లేబుల్ తెచ్చుకుంటాడు. టెట్లీ 1837లో యార్క్‌షైర్‌లో మొదలైన పేరే, కాని 2000వ సంవత్సరంలో టాటాలు దాన్ని కొనేశారు. అంటే కుర్రాడు పక్కన పెట్టింది మన దేశపు కంపెనీ సరుకు. రెడ్ లేబుల్ బ్రూక్‌బాండ్ వాళ్లది. ఆ బ్రూక్‌బాండ్‌ను 1869లో మాంచెస్టర్‌లో ఆర్థర్ బ్రూక్ అనే ఆయన పెట్టాడు. బాండ్ అనే భాగస్వామి ఎవరూ లేరు, పేరుకు నిండుదనం కోసం తగిలించుకున్నదే. ఇప్పుడది హిందుస్థాన్ యూనిలీవర్ చేతిలో ఉంది, దాని మాతృసంస్థ యూనిలీవర్ ప్రధాన కార్యాలయం లండన్‌లో ఉంది. బస్సు ఛార్జీ పెట్టుకుని పోయి తెచ్చుకున్నది, లెక్కకు, లండన్ కంపెనీ సరుకు. ఇందులో కుర్రాడి తప్పేమీ లేదు. పరాయి దేశంలో కిరాణా సామాన్లకు బయల్దేరిన మనిషి వెతికేది దేశాన్ని కాదు, తన పొయ్యి మీద తనకు అలవాటైన తీరుకు ఒదిగే సరుకును. ఈ తేడా తెలిస్తే దేనికోసం తిరగాలో, దేనికోసం తిరగడం దండగో కూడా తెలుస్తుంది.

ఈ వెతుకులాట మనవాళ్లతో మొదలైంది కాదు. నూరేళ్ల కింద ఇది ఎదురు దిశలో నడిచింది, అదీ మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోనే. అబర్డీన్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మిషన్ తరఫున 1907లో నైజాం రాజ్యానికి వచ్చారు. కుష్ఠురోగులను ఊరి బయటికి నెట్టేస్తున్న రోజుల్లో, రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం అండతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి వెలిసింది. చాల్‌మోగ్రా నూనె సూదులతో వైద్యం నడిచిన ఆ ఆస్పత్రిలోనే ఇసబెల్ 1932లో చనిపోయేదాకా పని చేశారు. అలా మన గడ్డ మీద ఏళ్ల తరబడి ఉండిపోయిన బ్రిటిష్ వాళ్ల కోసం ఆ కాలంలో ఓ పెద్ద వ్యాపారమే నడిచేది. మద్రాసులో 1863 నుంచే స్పెన్సర్ దుకాణం ఉంది. 1891లో ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ బొంబాయిలో కొట్టు తెరిచింది. లావుపాటి కేటలాగు చూసి జాబు రాస్తే బిస్కెట్ల డబ్బాలు, జాము సీసాలు, డబ్బాల్లో పెట్టిన చేపలు రైలెక్కి వచ్చేవి. చుట్టూ మామిడితోటలున్నా వాళ్లకు కావలసింది నారింజ మార్మలేడే. అమెరికాలో మనవాళ్లు గోంగూర పచ్చడి సీసా కోసం యాభై మైళ్లు కారు నడుపుతారని నవ్వేవాళ్లు ఈ కేటలాగు సంగతి తెలిస్తే కొంచెం తగ్గుతారు.

వాళ్లకు విలాయతు నుంచి తెప్పించుకోవలసిన అవసరం లేని సరుకుల్లో తేయాకు ఒకటి. అది అస్సాంలోనే పండేది. అయినా దాని ధర తేలేది లండన్ వేలంలో. 1679లో ఈస్టిండియా కంపెనీ మొదలుపెట్టిన ఆ వేలం 1998 దాకా సాగింది. ఇక మన సంగతి. అస్సాంలో పండించినంత మాత్రాన మనవాళ్లు తాగలేదు. మన ఊళ్లలో అంబలి, మజ్జిగ, మహా అయితే కాఫీ, అంతే. తోటల యజమానులు 1903లో తేయాకు మీద పన్ను వేయించి, ఆ డబ్బుతో ప్రచారం చేశారు. 1930ల్లో ఆ పని మరీ జోరందుకుంది. సంతల్లో, రైల్వే స్టేషన్లలో, మిల్లుల దగ్గర చాయ్ కాచి చూపించారు. నీళ్లు మరగబెట్టు, ఆకు వెయ్యి, మూతపెట్టి కాసేపు ఆగు, తర్వాత చుక్క పాలు పొయ్యి అన్నది వాళ్ల పాఠం. మనవాళ్లు పాఠం విన్నారు, పద్ధతి మాత్రం తమదే పెట్టుకున్నారు. ఆకు తగ్గించి, పాలు, చక్కెర పెంచి, అల్లమో యాలకులో దంచి వేసి, అన్నీ ఒకే గిన్నెలో మరిగించారు. ఆకు తక్కువ ఖర్చవుతోందని ప్రచారకులు మొత్తుకున్నా చాయ్ బండివాడు పట్టించుకోలేదు. 1930 ప్రాంతంలో అస్సాంలోని ఆమ్‌గురి తోటలో విలియం మెకర్చర్ అనే ఆయన ఆకును నలిపి, చించి, చుట్టే యంత్రం తయారు చేశాడు. అందులోంచి వచ్చే గుళికల్నే సీటీసీ అంటారు. చటుక్కున రంగు దిగుతుంది, చవక, చెంచాడు వేస్తే నలుగురికి చాయ్ అవుతుంది. మన మరిగించే పద్ధతికి అచ్చంగా సరిపోయిన సరుకది. హైదరాబాద్ ఇరానీ హోటళ్లు డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా కాచి ఇంకో దారి పట్టాయి. ఆ దారి నిజామాబాద్ దాకా వచ్చింది.

ఇప్పుడు ఓ బ్రిటిష్ టీ సంచిని కత్తెరతో కోసి చూడండి. సుమారు 3 గ్రాముల పొడి రాలుతుంది. ముదురు గోధుమ రంగు, రవ్వలాంటి గుళికలు. చాలావరకు అది కూడా సీటీసీయే. బ్రిటన్‌కు ఎక్కువ తేయాకు కెన్యా నుంచి వస్తుంది, కెన్యా చేసేది దాదాపు అంతా సీటీసీయే. పాలు కలుపుకుని తాగడం వాళ్లకూ అలవాటే కాబట్టి, పాలు పోసినా చిక్కదనం పోని ఆకునే వాళ్లూ ఎంచుతారు. మరి అదే పొడి వాళ్ల కప్పులో పల్చగా, మన నోటికి గడ్డినీళ్లలా ఎందుకుంటుంది? తేడా పొడిలో కంటే పొయ్యి దగ్గర ఎక్కువ. వాళ్లు కెటిల్ నీళ్లు సంచి మీద పోసి మూడు నాలుగు నిమిషాలు ఆగి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు కాసిన్ని కలుపుతారు. మనం మరిగిస్తాం. మరిగితే ఆకులోని వగరు పూర్తిగా దిగుతుంది. ఆ వగరును పాలలోని ప్రోటీను పట్టేసి మెత్తబరుస్తుంది. అందుకే మన చాయ్‌కి పాలు చిక్కగా ఉండాలి. ఇక్కడే అసలు చిక్కు. మన ఇళ్లలో గేదె పాలు, ఏడు శాతం దాకా వెన్న ఉంటుంది. బ్రిటన్‌లో నీలం మూత సీసా అంటే వెన్న తీయని ఆవుపాలు, అందులోనూ మూడున్నర శాతం పైచిల్లరే. ఆకుపచ్చ మూతవి సగం వెన్న తీసినవి, ఎర్రమూతలో వెన్న లేనట్టే. కొత్తగా పోయిన పిల్లలు చేతికందిన ఆకుపచ్చ సీసా తెచ్చి, చాయ్ బాగాలేదని ఆకును తిడతారు. నీలం మూత పాలు తెచ్చి, నీళ్లు సగానికి తగ్గించి, రెండు సంచులు కోసి పొడి గిన్నెలో వేసి, రెండు పొంగులు రానిస్తే యార్క్‌షైర్ టీ అనే అక్కడి బ్రాండ్ కూడా చౌరస్తా చాయ్‌కి దగ్గరగానే వస్తుంది. నీళ్ల సంగతి ఇంకొకటి. లండన్‌వైపు నీళ్లు సున్నపు నీళ్లు, చాయ్ మీద తెట్టులా పొర తేలుతుంది. స్కాట్లాండ్ నీళ్లకు ఆ బాధ లేదు. యార్క్‌షైర్ టీ వాళ్లు సున్నపు నీళ్ల కోసం విడిగా ఓ రకం అమ్ముతారంటే, తమ దేశంలోనే తమ టీ అంతటా ఒకేలా ఉండదని వాళ్లూ ఒప్పుకున్నట్టే కదా.

అలాగైతే ఇండియన్ స్టోర్ చుట్టూ తిరిగేది ఉట్టి ఊరి మీద బెంగేనా, డబ్బు తగలేసుకోవడమేనా అని ఎవరైనా అడగొచ్చు. చాయ్ వరకు కొంత నిజమే. ఇంటి దగ్గర తాగే జెమినీయో రెడ్ లేబులో మన నోటికి తగ్గట్టు కలిపిన మిశ్రమం, ఆ కాస్త తేడా ఉంటుంది, కాని అది రెండు బస్సులు మారేంత తేడా కాదు. చక్కెర సంగతి మరీ తేలిక. బోధన్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడింది, శక్కర్‌నగర్ అనే పేరు దానివల్లే వచ్చింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. బోధన్ చెరకుదైనా బ్రిటన్‌లో పండే బీట్‌దుంపదైనా శుద్ధిచేసిన తెల్ల చక్కెర ఒకటే పదార్థం. అందులో బెంగకు చోటు లేదు. కాని బియ్యం దగ్గర ఈ ఆక్షేపణ నిలవదు. 2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపేసింది. ఆ వారమే అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్లు బారులు తీరారు, చాలా కొట్లలో మనిషికి ఒకే సంచి అని బోర్డు పెట్టారు. 2024 సెప్టెంబరులో నిషేధం తీశారు. అప్పుడు కొందరు ఎగతాళి చేశారు, అమెరికాలో బియ్యానికి కరువా అని. అక్కడ బియ్యానికి కరువు లేదు, సోనామసూరికే కరువు. బాస్మతి పొడుగ్గా, విడివిడిగా ఉండి పప్పును పీల్చుకోదు. జాస్మిన్ అంటుకుపోతుంది. పప్పు, పులుసు, చారు, మజ్జిగ వరుసగా కలుపుకుని తినే భోజనానికి మధ్యరకం బియ్యమే కావాలి. వండే తీరును బట్టి బియ్యం, బియ్యాన్ని బట్టి తక్కిన భోజనం. అది మారితే విస్తరంతా మారాలి. చాయ్‌కి గిన్నె మారిస్తే చాలు, అన్నానికి అది చాలదు.

ఇంకో వైపు నుంచి ఇంకో ఆక్షేపణ వస్తుంది. రెడ్ లేబుల్, మేరీ బిస్కెట్, హార్లిక్స్, ఇవన్నీ తెల్లదొరలు వదిలిపోయినవే, వీటిని మనవి అనుకుని దేశం దాటి వెతకడం ఏం అభిమానం అని. మాట వినడానికి బాగుంది. మేరీ బిస్కెట్‌ను 1874లో పీక్ ఫ్రీన్ అనే లండన్ కంపెనీ రష్యా యువరాణి మరియా ఎడింబరో డ్యూక్‌ను పెళ్లాడిన సందర్భంగా చేసింది, నిజమే. ఆ పెళ్లి ఎవరికి గుర్తుంది? జ్వరం వచ్చిన పిల్లాడికి చాయ్‌లో ముంచి ఇచ్చే బిస్కెట్ అనేదే మనకు దాని అర్థం. హార్లిక్స్ చరిత్ర ఇంకా తమాషా. అమెరికా వెళ్లిన ఇద్దరు ఇంగ్లీషు అన్నదమ్ములు 1873లో అక్కడ మొదలుపెట్టారు. తర్వాత ఇంగ్లండ్ చేరింది. 1960లో పంజాబ్‌లోని నాభాలో ఇక్కడి తయారీ మొదలై, ఆ తర్వాత రాజమండ్రి దగ్గర ధవళేశ్వరానికి కూడా వచ్చింది. బ్రిటన్‌లో దాన్ని ముసలివాళ్లు నిద్రపట్టడానికి రాత్రి తాగుతారు. ఇక్కడ పిల్లలు పొడుగవ్వాలని పొద్దున్నే తాగిస్తాం, ఆస్పత్రికి చూడబోతే సీసా పట్టుకెళ్తాం. 2020 నుంచి ఇక్కడి హార్లిక్స్ హిందుస్థాన్ యూనిలీవర్‌ది, బ్రిటన్‌లోది వేరే కంపెనీది. లండన్‌లో తెలుగు తల్లి పక్కనున్న సూపర్‌మార్కెట్‌లో హార్లిక్స్ ఉన్నా కొనక, ఇండియన్ స్టోర్‌లో దిగుమతి సీసా వెతకడంలో అర్థం ఉంది. పేరు ఒకటే, రుచి వేరు. పుట్టిన ఊరిని బట్టి సరుకును మనదీ పరాయిదీ అని విడగొడితే మిరపకాయనూ టమాటానూ వంటింట్లోంచి ముందు తీసెయ్యాలి.

ఇక గల్ఫ్ సంగతి. మన జిల్లా నుంచి యాభై ఏళ్లుగా దుబాయ్, సౌదీ, మస్కట్‌లకు పోతున్నవాళ్లకు లండన్ పిల్లల బాధలు లేవు. కేరళవాళ్ల కొట్లు అడుగడుగునా ఉంటాయి, బియ్యం దొరుకుతుంది, చాయ్ అయితే అక్కడివాళ్లే మరిగించి తాగుతారు. కరక్ అని పిలిచే ఆ చాయ్‌లో డబ్బాపాలు పోస్తారు. పాలలోని నీళ్లు సగానికి పైగా ఆవిరి చేసి డబ్బాకెక్కించిన పాలవి, అందుకే అంత చిక్కదనం. ఆ కరక్ మన కడక్ మాటే. గల్ఫ్ పోయే మనవాళ్లకు ఇబ్బందంతా ఇంటినుంచి కట్టుకెళ్లే మూట దగ్గర. మటన్ మసాలాలో, తీపి వంటల్లో మనం అలవోకగా వేసే గసగసాలు యూఏఈలో, సౌదీలో మత్తుమందుల జాబితాలో ఉన్నాయి. అమ్మ పెట్టిన చిన్న పొట్లం కొడుకును విమానాశ్రయం నుంచి నేరుగా జైలుకు పంపగలదు. ఇది బెదిరింపు కాదు, అక్కడి చట్టం. బ్రిటన్‌కు పాలకోవా, నెయ్యి, మాంసం పచ్చడి తీసుకెళ్లనివ్వరు. అమెరికాకు పచ్చి కరివేపాకు పనికిరాదు, నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుందని. చాయ్‌పత్తి, కారం, పప్పులు మాత్రం సాధారణంగా ఇబ్బంది పెట్టవు. కాబట్టి సూట్‌కేసులో అక్కడ దొరికే రెడ్ లేబుల్‌కు చోటు తగ్గించి, దొరకని ఇంటి కారానికి పెంచడమే లెక్క కుదిరే పని.

పసుపు దగ్గర ఈ లెక్క కాస్త తికమక పడుతుంది. నిజామాబాద్ మార్కెట్‌కు పసుపుతోనే పేరు, జాతీయ పసుపు బోర్డు కూడా 2025లో ఇక్కడికే వచ్చింది. బ్రిటన్‌లో మనవాళ్లు కొనే పసుపు పొడి చాలావరకు టీఆర్‌ఎస్ లాంటి కంపెనీలది, అంటే 1959లో లండన్‌లో ఓ భారతీయ కుటుంబం పెట్టిన సంస్థది. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో దేశం పేరు కనిపిస్తుంది. మన ఆర్మూర్‌లో తవ్విన కొమ్మా, తమిళనాడు ఈరోడ్‌లో ఎండిన కొమ్మా అన్నది మాత్రం అక్కడ రాసి ఉండదు. ఆర్మూర్ రైతు కొడుకు ఆ పొట్లం కొని, ఊరి పసుపు వాసన రావట్లేదని ఫోన్‌లో చెప్తాడు. అది వాళ్ల పొలంలోదే అయినా కావచ్చు.