కాపురముంటేనే కొండ నిలుస్తుంది

ముందు సముద్రం, వెనక కొండ, మధ్యలో రంగురంగుల ఇళ్లు. ఇటలీ పశ్చిమ తీరంలోని వెర్నాత్సాకు చూడవచ్చేవాళ్లు కొల్లలు. పన్నెండు నెలలూ కాపురముండేవాళ్లు మాత్రం ఏటికేడు తగ్గుతున్నారు. ఆ ఊరి భద్రత ఈ రెండో లెక్కమీదే ఆధారపడి ఉంది.

లిగూరియా ప్రాంతపు తూర్పు కొసన కొండలు నిట్టనిలువుగా మధ్యధరా సముద్రంలోకి దిగే చోట ఐదు ఊళ్లున్నాయి. వాటన్నిటినీ కలిపి చింక్వె తెర్రె అంటారు. ఊళ్లు ఐదైనా మున్సిపాలిటీలు మూడే: మొంతెరోస్సో, వెర్నాత్సా, రియోమజ్జోరె. వీటిలో వెర్నాత్సా విస్తీర్ణం దాదాపు 12 చదరపు కిలోమీటర్లు, జనాభా 800 లోపే. రేవును ఆనుకున్న వెర్నాత్సా ఊరు, సముద్రానికి దాదాపు వంద మీటర్ల ఎత్తున గుట్టమీద ఉన్న కొర్నీలియా, వాటికీ పైన విసిరేసినట్టుండే చిన్న చిన్న కొండపల్లెలు దాని కిందికి వస్తాయి. ఏటా లక్షలమంది ఈ ఐదు ఊళ్లకు వచ్చిపోతుంటారు. అందుకే ఇక్కడి సమస్య అనగానే అందరూ రద్దీ గురించే మాట్లాడతారు. రద్దీ ఇబ్బందే, కానీ అది వేసవితో పోతుంది. అసలు సమస్య చలికాలంలో మొదలవుతుంది. వేసవిలో ఎంతమంది వచ్చారన్న లెక్క కన్నా, జనవరిలో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతోందన్న లెక్కే ఆ ఊరి భవిష్యత్తును తేలుస్తుంది.

మనుషులు కట్టిన కొండ

చూడవచ్చినవారికి ఈ వాలు ప్రకృతి ఇచ్చిన వరంలా కనిపిస్తుంది. నిజానికి అది తరతరాల కూలిపని. ఇంచుమించు వెయ్యేళ్లుగా ఇక్కడి రైతులు కొండను అంచెలంచెలుగా తవ్వి, తవ్వకంలో దొరికిన రాళ్లతోనే సున్నమూ సిమెంటూ లేకుండా కట్టలు పేర్చి, వాటి వెనక మట్టి నింపి మెట్ల పొలాలు చేసుకున్నారు. ద్రాక్ష, ఆలివ్, నిమ్మ పండించారు. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే షక్కెత్రా అనే తియ్యటి వైన్ ఇక్కడి పేరు నిలబెట్టింది. ఆ కట్టలన్నిటినీ వరసగా పేరిస్తే పొడవు వేల కిలోమీటర్లలో ఉంటుంది. 1997లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది మనిషీ ప్రకృతీ కలిసి మలిచిన సాంస్కృతిక భూభాగంగానే. 1999లో ఏర్పడిన జాతీయ పార్కు కాపాడవలసిన ప్రధాన సంపద కూడా ఈ మెట్ల పొలాలే. సున్నం లేకుండా రాతికట్ట కట్టే విద్యను 2018లో యునెస్కో ఇటలీ సహా ఎనిమిది దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది.

సున్నం వాడని కట్టకు ప్రాణం దాని సందుల్లో ఉంది. వాననీరు కట్ట వెనక నిలిచిపోకుండా ఆ సందుల్లోంచి కారిపోతుంది. సందులు మట్టితో పూడినా, పిచ్చిమొక్కల వేళ్లు చొరబడినా, అడవిపందులు కుళ్లగించినా నీరు వెనక చేరి గోడను ముందుకు నెడుతుంది. గోడ పొట్ట పెడుతుంది, చివరికి ఒకచోట కూలుతుంది. పై మెట్టు మట్టి కింది మెట్టు మీద పడుతుంది, ఆ బరువుకు అదీ జారుతుంది. మొదటి రాయి ఊడినప్పుడే తిరిగి పెడితే ఒక మనిషికి పూట పని. కొన్నేళ్లు వదిలేస్తే పనివాళ్ల బృందానికి వారాల పని. ఎప్పుడో ఒకసారి పెద్ద మొత్తంతో చేసే మరమ్మతు ఈ కొండకు సరిపోదు. రోజూ పొలం చుట్టివచ్చే కన్ను కావాలి, చూసిన రోజే రాయి ఎత్తే చెయ్యి కావాలి.

అదీ ఏ కాలంలో? మధ్యధరా వాతావరణం మన ఋతుపవనాలకు తలకిందులు. వేసవి పొడిగా ఉంటుంది, వానలు శరత్తులో మొదలై చలికాలమంతా పడతాయి. లిగూరియాలో అక్టోబరు, నవంబరు నెలలే జోరువానల కాలం. సందర్శకుల సందడి ఈస్టరుతో మొదలై అక్టోబరుతో సద్దుమణుగుతుంది. కాలువల్లో పూడిక తీయాల్సింది వానలకు ముందు, ద్రాక్షతీగలు కత్తిరించి కట్టలు సరిచేయాల్సింది చలికాలంలో. అంటే హోటళ్లు మూసేసి, అద్దె ఇళ్లకు తాళాలు వేసుకుని వెళ్లిపోయే నెలలే కొండకు మనిషి అవసరం ఎక్కువగా ఉండే నెలలు. వేసవి ఆదాయంతో బతికే ఊరు ఎంత సంపన్నమైనా, చలికాలంలో ఖాళీ అయితే దాని కాపలా ఖాళీ అయినట్టే.

2011 అక్టోబరు 25

ఇది ఊహ కాదని 2011 అక్టోబరు 25 చెప్పింది. ఆ రోజు చింక్వె తెర్రె వెనకనున్న వారా లోయలోని బ్రుఞ్యాతో దగ్గర 500 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. అనంతపురానికి ఏడాదంతా కురిసే వానకు అది దాదాపు సమానం. వెర్నాత్సాలో కొండ మట్టి, రాళ్లు, చెట్లు, కార్లు కలిసి వరదగా ఊళ్లోకి దూసుకొచ్చాయి. పూర్వం వాగును కప్పేసి, దాని మీదే ప్రధాన వీధి వేసుకున్న ఊరు అది. ఆ వీధిలో బురద పై అంతస్తుల దగ్గరికి చేరింది. ముగ్గురు చనిపోయారు. మిగిలినవారిని సముద్రం మీదుగా పడవల్లో తరలించారు.

తర్వాత ఇటలీ భూవిజ్ఞాన పరిశోధకులు వెర్నాత్సా వాలుమీద విరిగిపడిన చరియలను వందల సంఖ్యలో గుర్తించి, ఏ నేలలో ఎక్కువ జారిందో చూశారు. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్నవి సాగు వదిలేసి పాతికేళ్లకు మించని మెట్లు. బాగోగులు చూసుకుంటున్న పొలాలు అంతకన్నా మెరుగ్గా తట్టుకున్నాయి. అంత వానకు చక్కగా ఉన్న కట్టలూ కొన్ని కూలిన మాట నిజమే. రైతు ఉన్నంతమాత్రాన వరద రాదని ఎవరూ అనలేరు. కానీ వదిలేసిన పొలం వాననే బురదగా మార్చి ఊరిమీదికి పంపుతుందన్నది ఇప్పుడు అంచనా స్థాయిని దాటిన విషయం.

పొలాలు ఎందుకు ఖాళీ అయ్యాయో కూడా చూడాలి, ఎందుకంటే తప్పంతా పర్యాటకం మీదికి నెట్టడం తేలిక. వలస అంతకుముందే మొదలైంది. 1869లో పక్కనున్న లా స్పెజియాలో నౌకాదళ ఆయుధాగారం తెరుచుకుంది, 1874 నాటికి జెనోవా నుంచి స్పెజియాకు రైలుమార్గం పూర్తయింది. నెలజీతం రుచి తగిలిన కొండరైతు పగలు కార్మికుడు, సాయంత్రం రైతు అయ్యాడు. తర్వాత ద్రాక్షవేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు, రెండో ప్రపంచయుద్ధం తర్వాతి పరిశ్రమల పిలుపు మిగతా పని పూర్తి చేశాయి. పర్యాటకం చేసింది మరొకటి: వెళ్లిపోయినవాళ్ల పిల్లలు తిరిగి రావాలన్నా దారి మూసింది. రోజువారీ అద్దె ముందు నెలవారీ అద్దె నిలవదు. స్కూలు టీచరుకో, రైల్వే ఉద్యోగికో, కొత్తగా పెళ్లయిన జంటకో ఇల్లు దొరకనిచోట సంసారాలు సాగవు. సంసారాలు లేనిచోట బడి, డాక్టరు, మందుల షాపు ఒక్కొక్కటిగా కనుమరుగవుతాయి.

ఎదురువాదాలకు జవాబు

మొదటి అభ్యంతరం న్యాయమైనది. మెట్ల సాగు అంటే వీపుమీద బుట్టలతో వందల మెట్లు ఎక్కడం, చాలని పంటతో సరిపెట్టుకోవడం. పేదరికం నుంచి జనాన్ని బయటపడేసిన పర్యాటకాన్ని తిట్టి, వాళ్లను మళ్లీ ఆ చాకిరీలోకి తోయమంటారా? అక్కర్లేదు. ద్రాక్షగంపలు మోయడానికి ఇప్పుడు కొండమీద ఒంటిపట్టాల పళ్లచక్రపు బండ్లు వచ్చాయి. ఐదు ఊళ్లలో ఒకటైన మనరోలా దగ్గర సహకార వైన్ కేంద్రం రైతుల పంట కొంటోంది. గది అద్దెకిచ్చే కుటుంబమే రెండు మెట్లు సాగు చేసుకోవచ్చు. ఆయుధాగారం రోజుల్లోనూ ఇక్కడివాళ్లు రెండు పనులు చేసుకునే బతికారు. పర్యాటకం పోవాలని ఈ వాదన కోరదు. పర్యాటకం సొమ్ము ఊళ్లో ఉండేవాడికి అందాలి, ఆ సొమ్ములో కొంత కట్టలకు చేరాలి.

రెండో అభ్యంతరం: పొలాలు పోతే పోనీ, అడవి పెరగనీయండి, వేళ్లే మట్టిని పట్టుకుంటాయి. ఇందులో కొంత నిజముంది. చాలాకాలం కిందటే చెట్లు పట్టిన వాలు, కొత్తగా వదిలేసిన వాలంత ప్రమాదం కాదని పరిశోధనలే చెబుతున్నాయి. అయితే పొలం అడవిగా మారడానికి దశాబ్దాలు పడుతుంది, ఆ మధ్యకాలమే అన్నిటికన్నా ప్రమాదకరం. ఆ కాలమంతా కింద ఊరు, రైలు స్టేషను, వేలమంది సందర్శకులు ఉంటారు. ఎక్కడో ఊరికి దూరంగా ఉన్న వాలును అడవికి వదలడం తెలివైన పనే కావచ్చు. ఇళ్ల నెత్తిమీది వాలుకు మాత్రం అది దశాబ్దాల జూదం.

మూడోది ఇంజినీర్ల వాదన: వలలు బిగించండి, కాంక్రీటు పోయండి, మనిషితో పనేముంది? దీనికి జవాబు రియోమజ్జోరె, మనరోలాల మధ్య ఉంది. 'ప్రేమదారి' అని ప్రపంచమంతా పిలుచుకునే ఆ కొండ అంచు బాట కిలోమీటరు కూడా ఉండదు. 2012 సెప్టెంబరులో రాళ్లు పడి పర్యాటకులు గాయపడటంతో దాన్ని మూసేశారు. మళ్లీ తెరిచింది 2024లో. పన్నెండేళ్లు, రెండు కోట్ల యూరోలకు పైగా ఖర్చు. ప్రాణాపాయమున్న చోట ఆ ఖర్చు తప్పదు. కానీ వేల కిలోమీటర్ల కట్టలున్న కొండనంతటినీ ఆ లెక్కన కాపాడగల ఖజానా ఏ దేశానికీ లేదు.

నాలుగోది కొంచెం సున్నితమైనది: కాపురముండాలంటే స్థానికులే కావాలా, బయటివాళ్లు పనికిరారా? నిస్సందేహంగా పనికొస్తారు. వరద తర్వాత 'సేవ్ వెర్నాత్సా' సంస్థను మొదలుపెట్టి నిధులు కూడగట్టినవారు అక్కడ స్థిరపడిన అమెరికన్ మహిళలు. తర్వాత ఆ సంస్థ సందర్శకుల చేత కూడా రాతికట్టల పని చేయించింది. పుట్టుక కన్నా ఉనికి ముఖ్యం. చిక్కు ఎక్కడంటే, ఉనికి కాగితంమీద కూడా ఉండగలదు. ఇటలీలో సొంతంగా నివసించే ఇంటికి ఆస్తిపన్ను మినహాయింపు ఉంది, రెండో ఇంటికి లేదు. అందుకే నివాసం నమోదు చేసుకున్నవాళ్లు నిజంగా ఉంటున్నారో లేదో మున్సిపల్ పోలీసులు వెళ్లి చూసే పద్ధతి అక్కడ ఉంది. వేసవికి మాత్రమే కిటికీలు తెరిచే ఇంటి యజమాని ఎంత మంచివాడైనా, నవంబరు రాత్రి వాగు పొంగితే పలకలేడు.

మరి ఏం చేయాలి? సందర్శకుల మీద రుసుము వేస్తే చాలదని వెనిస్ చూపిస్తోంది. 1951లో లక్షా డెబ్భై వేలకు పైగా ఉన్న అక్కడి చారిత్రక నగర జనాభా ఇప్పుడు యాభై వేలకు దిగువన ఉంది. 2024లో పగటి సందర్శకులకు ప్రవేశ రుసుము పెట్టారు. రుసుము రద్దీని కొంత సర్దగలదేమో, సంసారాలను వెనక్కి తేలేదు. అయిదువేల జనాభా దాటని ఊళ్లను ఆదుకోవడానికి ఇటలీ 2017లో 158వ నంబరు చట్టం చేసింది. కొండ ఊళ్లలో దాన్ని అమలు చేసేటప్పుడు ఖర్చుల పద్దులను తిరగరాసుకోవాలి. డాక్టరు జీతం, చలికాలంలోనూ తగినన్ని రైళ్లు, పిల్లలు తక్కువైనా మూతపడని బడి, ఏడాది పొడవునా అద్దెకిచ్చే ఇంటి యజమానికి పన్ను రాయితీ... ఇవన్నీ ఇప్పుడు సంక్షేమం పద్దులో కనిపిస్తాయి. వెర్నాత్సా వంటి చోట వీటిని కొండ రక్షణ పద్దులో, వలలూ కాంక్రీటూ ఉన్న వరసలోనే రాయాలి. నష్టమొచ్చాక పెట్టే కోట్లతో పోలిస్తే ఇది చిన్న మొత్తం.

ఇటలీ యాత్రకు సిద్ధమయ్యే తెలుగువారికీ ఇందులో పాలుంది. చింక్వె తెర్రెకు వెళ్తే పగటిపూట వచ్చి ఫొటో దిగి పోకండి. వీలైతే రద్దీ లేని నెలల్లో వెళ్లి, ఆ ఊళ్లోనే ఉండే కుటుంబం దగ్గర బస చేయండి. అక్కడి రైతు చేసిన వైనో ఆలివ్ నూనెనో కొనండి. బాటలోనే నడవండి, రాతికట్టల మీదికి ఎక్కకండి. మీ డబ్బు ఊళ్లో చలికాలం గడిపేవాడి చేతికి చేరినప్పుడే, మీరు చూడవచ్చిన కొండ మీ తర్వాతివాళ్లకూ ఉంటుంది.