పట్టాలో లేని ఐదో హద్దు

ఇంటి స్థలం పట్టాలో సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది, నాలుగు దిక్కులా నాలుగు హద్దులూ ఉంటాయి. ఆ నేల ఎంత ఎత్తున ఉందో మాత్రం ఉండదు. మెట్ట ఊళ్లలో అది పెద్ద లోటు కాకపోవచ్చు. కొల్లేరు సరస్సు చుట్టుపక్కల మాత్రం నేల ఎత్తే అసలు హద్దు. అందుకే కొల్లేటి లంకల్లో బడి మొహం చూడని వాళ్లకు కూడా కాంటూరు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, అన్న మాట తెలుసు. 1999లో సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినప్పుడు సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తును, అంటే ఐదో కాంటూరును, ఎల్లగా తీసుకున్నారు. 308 చదరపు కిలోమీటర్లు దాని కిందికి వచ్చాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టింది కూడా ఆ గీతను పట్టుకునే. అంతకు తరాల ముందే, ఏ సర్వే శాఖా చెప్పకుండానే, లంకల వాళ్లు దిబ్బలు చూసుకుని ఇళ్లు కట్టుకున్నారు. సరస్సుకు ఎగువన ఉన్న ఏలూరులో చవకగా దొరికే స్థలం దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి పనిచేయడం లేదు. గజం ఎంత, సెంటు ఎంత అన్న దగ్గరే లెక్క ఆగిపోతోంది. ఆ నేలను ఉండదగ్గ చోటుగా మార్చుకునే ఖర్చు, అక్కడి నుంచి పనికి వెళ్లివచ్చే ఖర్చు కూడా కలిపితే తప్ప ఒక పేట చవకో కాదో తేలదని నా వాదన.

పల్లం ఎందుకు చవక? నీళ్లు ముందుగా అక్కడికి వస్తాయి, ఆఖరున అక్కడి నుంచి పోతాయి కనుక. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య మిగిలిపోయిన లోతట్టు కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు, గుండేరు, ఇంకా ఎన్నో మురుగు కాలువలు అందులోనే పడతాయి. బయటికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. వాలు తక్కువ, దారి దూరం, ఆటు వచ్చినప్పుడు సముద్రం ఎదురు తోస్తుంది. కొల్లేరు నిండితే దానిలోకి రావలసిన నీరు వెనక్కి నిలుస్తుంది. ఆ వెనక ఉన్నవి ఊళ్లు. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలుగా చీలి పట్టణానికి రెండు వైపులా దిగుతుంది. ఆ పాయల ఒడ్డు నేల ఎండాకాలంలో చూస్తే మంచి స్థలంలాగే ఉంటుంది. బుడమేరు సంగతి 2024 సెప్టెంబరులో దేశమంతా చూసింది. విజయవాడలో రోజుల తరబడి నీళ్లలో ఉన్న సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ అన్నీ కూలి పని, చిన్న ఉద్యోగం చేసుకునే వాళ్లు సొంత గూడు కోసం చేరిన పేటలు. వాంబే అన్నది పేదల ఇళ్ల కోసం 2001లో మొదలైన వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన పేరే. నగరం ఖరీదైన చోటును ముందుగా అమ్ముకుని, నీటికి దారి అయిన చోటును పేదకు వదిలింది. ఆ నీరే కొద్ది రోజులకు కొల్లేరు చేరి లంక ఊళ్లను చుట్టుముట్టింది.

ఇప్పుడు ఒక సెంటు లెక్క చూద్దాం. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాలు పంచినప్పుడు పట్టణాల్లో ఇచ్చింది ఒక్కో కుటుంబానికి ఒక సెంటు, అంటే 48.4 గజాలు, సుమారు 435 చదరపుటడుగులు. ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చిన సాయం 1.80 లక్షల రూపాయలు. ఆ సెంటు రోడ్డుకన్నా మూడడుగులు పల్లంలో ఉందనుకుందాం. దాన్ని మెరక చేయడానికి 1,300 ఘనపుటడుగుల మట్టి కావాలి. మట్టి వ్యాపారంలో యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు, కాబట్టి 13 యూనిట్లు. తొక్కిడికి అణిగేది కలుపుకుంటే ఇంకా ఎక్కువే. డెల్టా నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. దాని మీద పునాది లోతుగా వేయాలి, ఇనుము ఎక్కువ వాడాలి. గోడ ఒక్క వరస లేవకముందే సాయంలో గణనీయమైన భాగం నేలలోకి పోతుంది. ఇక్కడ చాలామంది మరచిపోయేది ఇంకొకటి ఉంది. ఒకరు మెరక వేసుకుంటే ఆ నీరు మాయం కాదు, పక్క స్థలంలోకి పోతుంది. ఈ ఏడు ఇల్లు కట్టినవాడి మెరక, మూడేళ్ల కింద కట్టినవాడికి ముంపు. దానికి తోడు సిమెంటు రోడ్డు పాడైనప్పుడల్లా పాతది తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు. వీధి ఎదుగుతుంది, ఇళ్లు దిగబడతాయి, ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన గుమ్మంలోకి ఇప్పుడు ఒక మెట్టు దిగాలి. పాత పేటల్లో ఏ వీధిలో చూసినా కనబడే సంగతే ఇది. కాలనీ మొత్తానికి ఒకే మట్టం కట్టి, డ్రైను ఎక్కడ కలుస్తుందో తేల్చి, ఆ తరవాత స్థలాలు పంచితే ఈ ఖర్చు ఒకసారితో పోతుంది. విడివిడిగా చేస్తే ప్రతి తరమూ కడుతూనే ఉంటుంది.

ఇవన్నీ వింటే ఒక పేద గృహిణి అడిగే ప్రశ్న న్యాయమైనదే. అద్దె ఇంట్లో ప్రతి ఏడూ సామాను సర్దుకునేవాళ్లకు పల్లమైనా సొంతమే కదా? పట్టా చేతిలో ఉంటే రేపు ఎవరూ పొమ్మనరు, అవసరానికి అప్పు పుడుతుంది, ఆడపిల్ల పెళ్లినాడు చెప్పుకోవడానికి ఒక చిరునామా ఉంటుంది. ఈ మాటను తేలిగ్గా తీసేసే హక్కు, మెరక మీద ఇల్లున్న ఎవరికీ లేదు. కానీ సొంతం కావడం, ఉండగలగడం రెండూ ఒకటి కావు. పని చేసే చోటికి ఏడెనిమిది కిలోమీటర్లు, షేర్ ఆటోకు రానూ పోనూ 40 రూపాయలు అనుకుంటే, నెలకు 25 రోజులకు ఒక్క మనిషికే వెయ్యి. ఇంట్లో ఇద్దరు పనికి వెళితే రెండు వేలు. అది మళ్లీ అద్దెలాంటిదే, కట్టించుకునేవాడు మారాడు, అంతే. మెక్సికోలో ఈ తప్పు దేశమంత పెద్దదిగా జరిగింది. కార్మికుల గృహ నిధి అప్పులతో పట్టణాలకు దూరంగా చవక నేలలో లక్షల ఇళ్లు కట్టారు. 2010 జనగణనలో ఆ దేశం మొత్తమ్మీద సుమారు 50 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి. పనికీ బడికీ దూరమని జనం వదిలిపోవడం వాటిలో ముఖ్యమైనది.

అయితే ఊరి నడుమ ఉంటే చాలా? చాలదని ఏలూరే చెప్పింది. 2020 డిసెంబరు మొదటి వారంలో వన్‌టౌన్‌లో, దక్షిణపు వీధి పరిసరాల్లో, మనుషులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల మీద కూడా నిపుణులు అనుమానం పెట్టారు. బజారుకు, బస్సుకు, బడికి దగ్గరగా ఉన్న పేటలో కూడా నీటికీ తిండికీ నిఘా లేకపోతే ఆ దగ్గరతనం కాపాడలేదు. నీళ్ల టిన్నులు కొనుక్కోవలసిన ఇల్లు, అద్దె ఎంత తక్కువైనా, ఆ మేరకు ఖరీదైన ఇల్లే.

పట్టణంలో నేల ఎక్కడుంది అన్నది అధికారుల నుంచి వచ్చే అభ్యంతరం. ఒక్కొక్కరికీ విడి స్థలం ఇవ్వాలనుకుంటే నిజంగానే లేదు. దానికి జవాబుగా వచ్చినవే ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్లు. ఏలూరులో పోణంగి దగ్గర, తాడేపల్లిగూడెంలోనూ, 300, 365, 430 చదరపుటడుగుల ఇళ్లను నాలుగు అంతస్తుల్లో పేర్చి కట్టారు. నేల తక్కువ పడుతుంది, డ్రైనూ నీటి గొట్టమూ ఒకేసారి అందరికీ వస్తాయి. ఆలోచన మంచిదనే నా నమ్మకం. దెబ్బతిన్నది అమలులో: రాష్ట్రంలో చాలాచోట్ల గోడలు లేచాక కూడా నీళ్లు, మురుగు, రోడ్డు రాక ఇళ్లు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. లిఫ్టు లేని పై అంతస్తు ముసలివాళ్లకు కష్టం, గేదెను కట్టుకునేవాడికీ తోపుడు బండి పెట్టుకునేవాడికీ చోటు లేదు. వీటికి మార్గాలున్నాయి. కింది అంతస్తును వృద్ధులకూ బండ్లవాళ్లకూ కేటాయించవచ్చు, అద్దెకు కూడా కొన్ని ఇళ్లు ఉంచవచ్చు.

తాడేపల్లిగూడెం ఇంకో సంగతి చూపిస్తుంది. ఆ పట్టణం మెట్టకూ డెల్టాకూ అంచున ఉంది. ఉత్తరాన వెంకటరామన్నగూడెం వైపు ఎర్రనేల, దక్షిణాన పెంటపాడు వైపు నల్లనేల, కాలువలు. ఎర్రకాలువ పొంగినప్పుడు ఏ వైపు మునుగుతుందో స్థానికులకు చెప్పనక్కరలేదు. ఒకే మున్సిపాలిటీకి రెండు దిక్కులా ఒకే విస్తీర్ణం, ఒకే సాయం ఇస్తే అది సమానంగా కనబడుతుంది, సమానం కాదు.

అందుకే ప్రతి లేఅవుట్ ప్లాన్‌లో స్థలం మట్టం, ఆ చుట్టుపక్కల వచ్చిన పెద్ద ముంపు మట్టం రెండూ రాయాలి. కాలనీ ముఖద్వారంలో ఒక కరెంటు స్తంభానికి ఆ గీత గీయాలి. కొలిచే పరికరం ప్రతి ఇంజనీరింగ్ విభాగంలోనూ ఉంది, కొల్లేటి కోసం గీసిన కాంటూరు పటాలూ ఉన్నాయి. ఇప్పుడు పట్టణాల్లో 2 సెంట్లు, పల్లెల్లో 3 సెంట్లు ఇస్తామని ప్రభుత్వం అంటోంది. చోటు పెరగడం సంతోషమే. ఆ 2 సెంట్లు కూడా రోడ్డుకు మూడడుగుల కిందే ఉంటే, మెరకకు పట్టే మట్టి 26 యూనిట్లు.