జానపద బాణీ - ఉద్యమ గీతం: బెల్లి లలిత

జానపద గాయకురాలి కళాజీవితాన్ని దేనితో కొలవాలి? బిరుదులతో, రికార్డులతో కొలిస్తే బెల్లి లలిత గురించి చెప్పడానికి ఎక్కువేమీ ఉండదు. ఆమె పాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట నిలిచింది అని అడిగితేనే ఆమె స్థానం మీకు బోధపడుతుంది.

లలిత భువనగిరిలో నూలుమిల్లు కార్మికురాలు. కార్మిక సంఘంలో పనిచేస్తూ పాటలు కట్టి పాడారు. 1997లో అక్కడే జరిగిన 'దగాపడ్డ తెలంగాణ' సభ తరువాతి కాలంలో తెలంగాణ కళాసమితి తరఫున ఊరూరా గళమెత్తారు.

ఆ పాట బలం దాని నిర్మాణంలో ఉంది. బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ ఆయకట్టులో నాట్లు వేసే స్త్రీలను గమనించండి. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. వంత పాడటానికి చదువు అక్కరలేదు. రెండోసారికే పల్లవి నోటికి వస్తుంది. బాణీ పాతదే, చరణంలో విషయం మాత్రం కొత్తది. ఉద్యమ గీతం స్వీకరించింది ఈ పద్ధతినే. అందువల్ల విన్న ప్రతివారూ పాడేవారయ్యారు.

1999 మే నెలలో లలితను అపహరించి, హత్యచేసి, దేహాన్ని ముక్కలు చేశారు. అప్పటికి ఆమెకు సుమారు పాతికేళ్లు. ప్రత్యేక రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. అందుకోసం పాడిన ఆమె దానిని చూడలేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: మీ ఊరిలో ఒక పనిపాటను విని, పల్లవిని, వంతను, కొత్తగా చేరిన చరణాన్ని గుర్తించండి. ఆ చరణం కట్టినవారి పేరు అడిగి రాసుకోండి. ఇటువంటి పాటల్లో ముందుగా మరుగున పడేది ఆ పేరే.