తోకచుక్క ఫొటోలోనే ఎందుకంత బాగుంటుంది?

2024 అక్టోబరులో సుచిన్షాన్-అట్లాస్ తోకచుక్క భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. నెల మధ్యలో పొద్దుగూకాక పడమట కనిపించింది. విజయవాడకు తూర్పున ఉన్న కంకిపాడు వాళ్లకు అక్కడే చిక్కు: నగర దీపాల వెలుగూ అటువైపే!

కంటికి మసకగా ఉన్న తోక ఫొటోలో అంత పొడుగ్గా ఎలా పడుతుంది? మన కన్ను వెలుగును ఎక్కువసేపు కూడబెట్టుకోలేదు. కెమెరా సెన్సర్ మాత్రం పది సెకన్లపాటు పడిన వెలుగంతా, హుండీలో చిల్లర వేసినట్టు, దాచుకుంటుంది.

అలాగని నిమిషాల తరబడి తెరిచి ఉంచితే పని చెడుతుంది. భూమి 4 నిమిషాలకు 1 డిగ్రీ చొప్పున తిరుగుతుంది కాబట్టి చుక్కలు గీతలైపోతాయి. 24 ఎం.ఎం. లెన్సుకు 15 సెకన్లు చాలు. ఫోనైతే స్టాండుకు బిగించి, నైట్ మోడ్‌లో, 3 సెకన్ల టైమర్ పెట్టి నొక్కాలి. వేలు తగిలిన అదురు ఈలోపు ఆగుతుంది. పొలాల దగ్గర లెన్సు మీద మంచు పడుతుంది, మెత్తటి గుడ్డ జేబులో ఉండాల్సిందే.

ఫొటోతో ఏకంగా కొత్త తోకచుక్కే దొరకొచ్చు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు 1949లో, హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగా, ఆకాశాన్ని ఫొటో తీసిన ప్లేటు మీదే ఒకదాన్ని పట్టేశారు. దాని పేరు బప్పు-బాక్-న్యూకిర్క్.