కణత మీద ప్రోబ్: 200 అనే అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

సికిల్ సెల్ జబ్బున్న పిల్లల్లో మెదడుకు వెళ్లే ధమనులు సన్నబడితే పక్షవాతం రావచ్చు. ఆ ముప్పును ముందే పసిగట్టడానికి కణత మీద జెల్ రాసి, డాప్లర్ ప్రోబ్ ఆనించి, రక్తం ఎంత వేగంగా పోతోందో చూస్తారు. సన్నబడిన చోట వేగం పెరుగుతుంది. సెకనుకు 170 సెంటీమీటర్ల లోపుంటే ఫరవాలేదు. 170 నుంచి 199 వరకు ఉంటే మళ్లీ చూడాలి. 200, ఆపైన ఉంటే ప్రమాదం.

ఈ హద్దుకు బలమిచ్చింది 1998లో ప్రచురితమైన ‘స్టాప్’ అధ్యయనం. రెండు పరీక్షల్లోనూ 200, ఆపైన వచ్చిన 130 మంది పిల్లల్ని రెండు జట్లుగా చేశారు. క్రమం తప్పకుండా రక్తం ఎక్కించిన జట్టులో పక్షవాతం 1, మామూలు వైద్యం అందిన జట్టులో 11.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ తరతరాలుగా ఉంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకుంది. చాలా మంచి పని. అయితే రక్తపరీక్ష జబ్బుందో లేదో చెబుతుందే తప్ప, ఏ బిడ్డకు పక్షవాతం ముప్పుందో చెప్పదు. దానికి డాప్లరే కావాలి.

ఆ డాప్లర్ ఎక్కడ తప్పుతుంది? మొదటిది కోణం. బొమ్మ చూపని పాత తరహా యంత్రం, రక్తం ప్రోబ్‌కు సూటిగా ఎదురొస్తోందనుకునే లెక్క కడుతుంది. నిజంగా 210 ఉన్న వేగాన్ని 30 డిగ్రీలు పక్కకు పట్టి చూస్తే 182 కనిపిస్తుంది. ప్రమాదంలో ఉన్న బిడ్డ ‘మళ్లీ చూద్దాం’ జాబితాలో పడిపోతుంది. కోణం వల్ల అంకె తగ్గుతుందే గానీ పెరగదు. అందుకే ప్రోబ్‌ను అటూ ఇటూ కదిపి, దొరికిన వాటిలో పెద్ద అంకెనే తీసుకోవాలి. ఇక్కడ యంత్రం ఖరీదు కన్నా చేతికున్న అనుభవం ముఖ్యమని నా నమ్మకం.

రెండోది, బిడ్డ ఎలా ఉందన్నది. ఏడుస్తూ గబగబా ఊపిరి తీస్తే వేగం తగ్గుతుంది, నిద్రమత్తులో పెరుగుతుంది. జ్వరమున్నా, రక్తం బాగా తగ్గినా పెరుగుతుంది. నడిచి వచ్చిన బిడ్డను కాసేపు కూర్చోబెట్టి, మెలకువగా, నెమ్మదిగా ఉన్నప్పుడే కొలవాలి.

కదలిక ఎంత తేడా తెస్తుందో తొడ ధమనిలో తేటగా కనిపిస్తుంది. వ్యాయామంలో రక్తప్రవాహాన్ని కొలిచేవాళ్లు వేగంతో పాటు నాళం వ్యాసం కూడా పట్టాలి. వ్యాసం 10 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు అయితే ప్రవాహం నిమిషానికి 471 మిల్లీలీటర్లు. వ్యాసంలో అర మిల్లీమీటరు ఎక్కువ చదివితే దాదాపు 520 అవుతుంది. కాలు ఆడిస్తుండగా వేగం పదింతలైతే, అదే అర మిల్లీమీటరు పొరపాటు నిమిషానికి దాదాపు అర లీటరు తేడా తెస్తుంది. పైగా కాలు కదులుతుంటే ప్రోబ్ జారుతుంది, కోణమూ మారుతుంది. కణత పరీక్షలో వ్యాసంతో పని లేకపోవడం పెద్ద వెసులుబాటు.

మూడోది యంత్రం రకం. బొమ్మ చూపించే యంత్రాలు సాధారణంగా సుమారు 10 శాతం తక్కువ చూపుతాయి. అందుకే కోణం సరిదిద్దకుండా వాటితో చూసినప్పుడు 185నే ప్రమాద హద్దుగా తీసుకునే పద్ధతి ఉంది. బస్తర్ కుటుంబాల్లో కొందరు జగదల్‌పుర్ వెళతారు, కొందరు రాయ్‌పుర్, కోంటా వైపువాళ్లు భద్రాచలం కూడా వస్తారు. ఒకచోట 205, మరోచోట 188 వస్తే జబ్బు తగ్గిందని తల్లి అనుకోవచ్చు. కాబట్టి ప్రతి రిపోర్టులోనూ అంకె పక్కన యంత్రం రకం, ఆ రోజు హిమోగ్లోబిన్, జ్వరముందా లేదా రాసి ఇవ్వాలి.