కడుపులో బిడ్డ కష్టం ముందే పట్టే పరీక్షలు

గర్భస్థ శిశువుకు ప్రాణవాయువు అందేది మాయ ద్వారానే. తల్లికి బీపీ, షుగరు, తీవ్ర రక్తహీనత ఉన్నా, కాన్పు తేదీ దాటిపోయినా ఆ సరఫరా తగ్గే ముప్పు ఉంది. ఇలాంటి వాటిని వైద్యులు హైరిస్క్ గర్భాలంటారు.

ప్రాణవాయువు నెమ్మదిగా తగ్గుతూ వస్తే బిడ్డ దేహం సాధారణంగా ఒక క్రమంలో సర్దుకుంటుంది. మొదట మెదడుకు, గుండెకు రక్తాన్ని ఎక్కువగా మళ్లిస్తుంది. మూత్రపిండాలకు రక్తం తగ్గి ఉమ్మనీరు తగ్గుతుంది. తర్వాత కదలికలు మందగిస్తాయి, గుండె లయ మారుతుంది. ఒక్కో పరీక్ష ఒక్కో దశను పట్టుకుంటుంది.

డాప్లర్ స్కానింగ్ రక్తప్రవాహాన్ని చూస్తుంది. గుండె రెండు స్పందనల మధ్య కూడా బొడ్డుతాడు ధమనిలో రక్తం మాయ వైపే సాగాలి. అది ఆగినా, వెనక్కి మళ్లినా మాయ బాగా దెబ్బతిన్నట్లే.

నాన్ స్ట్రెస్ టెస్ట్ (ఎన్‌ఎస్‌టీ) బిడ్డ గుండె లయను నమోదు చేస్తుంది. గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. 32 వారాలు దాటిన బిడ్డలో ఆ వేగం 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు 15 స్పందనల మేర పెరిగి, 15 సెకన్లు నిలవాలి. బిడ్డ నిద్రలో ఉంటే పెరగకపోవచ్చు కనుక పరీక్షను 40 నిమిషాల వరకు పొడిగిస్తారు.

అప్పటికీ అనుమానం తీరకపోతే బయోఫిజికల్ ప్రొఫైల్ చేస్తారు. 1980లో ఫ్రాంక్ మానింగ్ బృందం రూపొందించిన ఈ పద్ధతిలో ఊపిరి కదలికలు, ఒంటి కదలికలు, కండరాల బిగువు, ఉమ్మనీరు, ఎన్‌ఎస్‌టీలకు రెండేసి మార్కులు. ఉమ్మనీరు సరిపడా ఉండి 8 వస్తే ఊరట. 4 లేదా అంతకంటే తక్కువైతే సాధారణంగా కాన్పు చేయాల్సి వస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లోని గర్భిణికి ఈ యంత్రాలు ఇంటి దగ్గర ఉండవు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే ఉచిత పరీక్షల్లో హైరిస్క్ గర్భాలను గుర్తిస్తారు. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అయితే ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య రోజుల్లో బిడ్డను కనిపెట్టి ఉండగలిగేది తల్లే. ఏడో నెల నిండాక రోజూ ఒకే వేళకు ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని కదలికలు లెక్కించాలి. రెండు గంటల్లో పది రాకపోయినా, రోజూ ఉండే కదలిక తగ్గినట్లు అనిపించినా 9వ తేదీ కోసం, తెల్లవారడం కోసం ఆగకూడదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

34 వారాల లోపే కాన్పు తప్పదనిపిస్తే బిడ్డ ఊపిరితిత్తులు బలపడేందుకు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవి పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కష్టం ఎంత ముందుగా తెలిస్తే ఆ వ్యవధి దొరికే అవకాశం అంత ఎక్కువ.