డాక్టరు సూచించిన ఓటీసీ మందుల వాడకం

మందుల చీటీ లేకుండానే మందుల షాపులో కొనుక్కోగలిగే ఔషధాలను ఓవర్ ది కౌంటర్ మందులు, క్లుప్తంగా ఓటీసీ మందులు అంటారు. జ్వరానికి వాడే పారాసిటమాల్, విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్, కడుపులో మంటకు వాడే యాంటాసిడ్ ఈ కోవలోనివి. వీటిని రోగి తనంతట తానే కొనుక్కోవచ్చు, లేదా డాక్టరు చెప్పగా కొనవచ్చు. డాక్టరు చెప్పినప్పుడు ఆ మోతాదును, ఎడాన్ని, రోజుల సంఖ్యను రోగి సరిగా పాటించేందుకు తోడ్పడే మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్టంలో స్థానం

భారతదేశంలో 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద 1945లో చేసిన నియమాలు వర్తిస్తాయి. హెచ్, హెచ్1, ఎక్స్ షెడ్యూళ్ళలోని మందులను చీటీ లేకుండా అమ్మరాదు. ఓటీసీ అనే వర్గానికి చట్టంలో ప్రత్యేక నిర్వచనం లేదు. చీటీ అవసరం లేని మందులకు వాడుకలో ఆ పేరు స్థిరపడింది.

సూచన ఎక్కడ జారిపోతుంది

చీటీ మీద రాసిన మందు పేరు, మోతాదు రోగి చేతిలో ఉంటాయి. ఓటీసీ మందు విషయంలో డాక్టరు తరచుగా "జ్వరం వస్తే ఒకటి వేయండి" అని నోటిమాటగా చెబుతారు. ఎన్ని మిల్లీగ్రాములది, ఎంత ఎడంతో, రోజుకు గరిష్ఠంగా ఎన్ని అన్నవి ఇంటికి చేరేలోగా మరుగున పడతాయి. "పూటకొకటి" అన్న మాటను ఒకరు రోజుకు రెండుగా, మరొకరు మూడుగా అర్థం చేసుకుంటారు. చీటీ లేకుండా దొరికేది కనుక ప్రమాదం లేనిదనే అపోహ కూడా ఉంది. అన్నిటికంటె ఎక్కువ హాని చేసేది ఇదే.

పారాసిటమాల్

పిల్లలకు ఈ మందును వయసును బట్టి కాక బరువును బట్టి ఇవ్వడం మేలు. కిలో బరువుకు ఒక్కసారికి 10 నుండి 15 మి.గ్రా. చొప్పున, నాలుగు నుండి ఆరు గంటల ఎడంతో ఇస్తారు. చిక్కు సీసాల దగ్గర వస్తుంది. 5 మి.లీ. సిరప్‌లో కొన్ని రకాలలో 120 లేదా 125 మి.గ్రా., మరికొన్నిటిలో 250 మి.గ్రా. మందు ఉంటుంది. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. పది కిలోల బిడ్డకు 120 మి.గ్రా. సిరప్ 5 మి.లీ. సరిపోగా, అదే కొలతతో చుక్కల మందు పోస్తే 500 మి.గ్రా. పడుతుంది. కనుక "ఒక చెంచా" అనడం కంటె సీసా పేరు, దాని బలం, మి.లీ.లు మూడూ రాసి ఇవ్వాలి. వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతవి కావు. సీసాతో వచ్చిన కొలత మూతను గాని, సూది లేని సిరంజిని గాని వాడాలి.

పెద్దలకు 24 గంటలలో 4 గ్రాములు మించరాదు. కాలేయ వ్యాధి ఉన్నవారికి, మద్యం అలవాటు ఉన్నవారికి ఈ హద్దు ఇంకా తక్కువ. అనేక జలుబు మాత్రలలోనూ పారాసిటమాల్ ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకు మరొకటి వేసుకున్న రోగి తెలియకుండానే ఒకే మందును రెండుసార్లు తీసుకున్నట్లవుతుంది. మోతాదు మించినా మొదటి రోజు పెద్దగా లక్షణాలు కనిపించకపోవచ్చు. ఆ లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటలలోపు అందితే బాగా పనిచేస్తుంది. అందుచేత బాగానే ఉన్నాడని వేచి ఉండక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతాయి. ఒళ్ళునొప్పులకు అమ్మే మాత్రలలో ఐబుప్రొఫెన్ కలిసి ఉండవచ్చు. "పారాసిటమాల్ ఒక్కటే, కలగలుపు మాత్ర వద్దు" అని డాక్టరు విడమరచి చెప్పాలి.

ఓఆర్ఎస్, జింక్

పెద్ద పొట్లం మొత్తాన్ని ఒకేసారి ఒక లీటరు తాగునీటిలో కలపాలి. గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు గాఢత పెరిగి బిడ్డకు హాని కలుగుతుంది. 200 మి.లీ.లకు సరిపడే చిన్న పొట్లాలూ ఉన్నాయి కాబట్టి పొట్లం మీది కొలతను చూపి చెప్పాలి. కలిపిన నీటిని 24 గంటల తరువాత పారబోయాలి. తోడుగా ఇచ్చే జింక్‌ను 10 నుండి 14 రోజులు వాడాలి. విరేచనాలు రెండు మూడు రోజులలో తగ్గగానే తల్లిదండ్రులు దీనిని ఆపేస్తుంటారు. ఇది మళ్ళీ విరేచనాలు రాకుండా కాపాడేందుకని కారణం కూడా చెప్పాలి.

ఓఆర్ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్ముడవడంపై హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఆ పదం వాడరాదని ఆదేశించింది.

తోడ్పడే పద్ధతులు

"అర్థమైందా?" అని అడిగితే తరగతిలో పిల్లవాడైనా, ఆసుపత్రిలో రోగి అయినా తల ఊపుతాడు. "ఇంటికి వెళ్ళాక ఎలా ఇస్తారో చెప్పండి" అని రోగి చేతనే తిరిగి చెప్పించడం మెరుగైన పద్ధతి. చదువు రానివారికి సిరంజి మీద గీత గీసి చూపవచ్చు. వేసిన ప్రతిసారీ గంట రాసిపెడితే, తల్లి వేసిందని తెలియక నాయనమ్మ మళ్ళీ వేసే అవకాశం తగ్గుతుంది. వృద్ధులు తాము వాడే మందులన్నీ సంచిలో వేసుకుని డాక్టరుకు చూపడం మంచిది. ఉదాహరణకు థైరాక్సిన్ వాడేవారు కాల్షియం, ఐరన్ మాత్రలను దానికి నాలుగు గంటల ఎడంగా వేసుకోవాలి. ఆ సంచి చూడని డాక్టరుకు ఈ మాట చెప్పే వీలుండదు.